గాలి సెన్సార్ మొరాయిస్తే: కడగాలా, చెన్నై పుదుపేటలో పాతది కొనాలా, కొత్తదా? ఏది మేలు?

పోయిన ఏడు పెళ్లివాళ్లతో వెళ్తుంటే మా పాత డీజిల్ వ్యాన్ కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కలేక రొప్పింది. మెకానిక్ ముందు టర్బో అన్నాడు, తర్వాత ఇంజెక్టర్లు అన్నాడు. తీరా చూస్తే తప్పు ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కనుండే, ఇంజిన్‌లోకెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్‌ది.

అందులో సన్నని వేడి తీగ ఉంటుంది. లోపలికెళ్లే గాలి దాన్ని చల్లబరుస్తుంది. మళ్లీ వేడి నిలబెట్టడానికి పట్టే కరెంటును బట్టి బండి కంప్యూటర్ గాలి లెక్క కడుతుంది. తీగకు దుమ్ము, నూనె పొర పట్టిందంటే గాలి బాగా వెళ్తున్నా తక్కువగా చూపిస్తుంది. దానికి తగ్గట్టే డీజిల్ తగ్గి, పికప్ పడిపోతుంది.

అందుకే ముందు కడగడమే మేలంటాను. మాఫ్ క్లీనర్ స్ప్రే వందల్లో వస్తుంది, కొత్త సెన్సార్‌కు వేలు పెట్టాలి. కార్బురేటర్ క్లీనర్ మాత్రం కొట్టకండి, సెన్సార్ పాడవుతుంది. తీగను వేలితోగానీ గుడ్డతోగానీ తాకొద్దు, పూర్తిగా ఆరాకే బిగించండి. అలాగే సెన్సార్ తర్వాతి హోస్‌ను వంచి చూడండి. అది చీలి ఉంటే ఏ సెన్సార్ పెట్టినా లెక్క తప్పుతుంది.

కడిగినా మారకపోతే? చౌక డూప్లికేట్ వద్దే వద్దు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, లెక్క మాత్రం తప్పు చెప్పొచ్చు. ఆ డబ్బుకు, పాత బండి పార్టులమ్మే పుదుపేటలో దొరికే, విప్పేసిన బండిలోని ఒరిజినల్ నయం. కాకపోతే పార్ట్ నంబరు అంకె అంకె కలవాలి. చూపులకు ఒకేలా ఉన్నా గొట్టం సైజు, సిగ్నల్ వేరుగా ఉండొచ్చు. రోజూ ట్రిప్పులు తిప్పేవాళ్లకైతే కొత్త ఒరిజినలే సరి. పాతది ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు, దారిలో ఆగితే పోయేది ఆ రోజు కిరాయి.

కొన్ని పెట్రోల్ వ్యాన్లలో మాఫ్ ఉండదు, గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. దాన్ని చూడటం తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే, బండి కంప్యూటర్ రీడింగులు చూపే స్కానర్ చెన్నైలో సుమారు 100 కిలోపాస్కల్ చూపాలి. ఎత్తులో ఉన్న బెంగళూరులో 91 దగ్గర ఉంటుంది. బాగా తేడా ఉంటే సెన్సార్‌నో, వైరింగ్‌నో అనుమానించాలి.

మా వ్యాన్ కడిగాక ఆరు నెలలు బాగానే లాగింది. ఆ తర్వాత పుదుపేటలో అదే నంబరుది దొరికింది. కొట్టు ముందే బిగించి, స్కానర్‌లో చూసుకున్నాకే డబ్బిచ్చాను.