వాడిన ఫోర్ బై ఫోర్ కొంటున్నారా? డిఫరెన్షియల్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి

సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) గానీ, పికప్ గానీ, వెనక చక్రాలతో నడిచే మరే బండి గానీ కొనబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమ్మేవాళ్లు "వెనకాల డిఫరెన్షియల్ లాక్ ఉంది, బురదలో ఆగే ప్రశ్నే లేదు" అంటే ఆ ఒక్క మాట పట్టుకుని బేరం ముగించకండి. డిఫరెన్షియల్ అంటే మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగంతో తిరిగేలా చేసే గేర్ల పెట్టె, లాక్ అంటే అవసరమైనప్పుడు ఆ రెండు చక్రాలనూ కలిపి బిగించేది. నాకు అమ్మిన బండిలో ఉన్నది లాక్ కాదు. హౌసింగ్ (ఆ పెట్టె) విప్పితే లోపల చక్రాల వేగంలో తేడాను సర్దే స్పైడర్ గేర్లు ఒకదానికొకటి వెల్డింగ్ చేసేసి ఉన్నాయి. అలాంటి బండిలో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని వానలో తిరిగామని తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

బయటపడింది ఒక తడి మలుపులో. వేగం ఏమీ లేదు, సెకండ్ గేర్లో ఉంది, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే బండి వెనక భాగం మొత్తం పక్కకు జారిపోయింది. ఒక చక్రం జారడం వేరు, రెండూ ఒకేసారి పట్టు వదలడం వేరు. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి సరిపోయింది. అంతకుముందు నుంచే పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే వెనక టైర్లు కీచుమనేవి, బండి ఎవరో పట్టి లాగుతున్నట్టు ఆగి ఆగి కదిలేది. అమ్మిన వ్యక్తిని అడిగితే "కొత్త టైర్లు కదా, అలాగే ఉంటుంది" అన్నాడు.

మెకానిక్ డిఫరెన్షియల్ ఆయిల్ దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయిల్ నల్లగా, వెలుతురులో వెండి పొడి కలిపినట్టు మెరుస్తూ వచ్చింది. వెనక కవర్ తీసి టార్చ్ వేసి, "ఇది చూడండి సార్" అన్నాడు. గేరు పళ్ల మధ్య ముద్దలు ముద్దలుగా వెల్డింగ్, అందులో ఒక ముద్ద అడ్డంగా చీలి ఉంది. అది ఊడి, ఇంజన్ శక్తిని డిఫరెన్షియల్‌కు అందించే క్రౌన్, పినియన్ గేర్ల మధ్యలో పడితే నడుస్తున్న బండికి వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు. అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే "ఆఫ్‌రోడ్ వాళ్లు అందరూ అలాగే చేయించుకుంటారు, అది ఎక్స్‌ట్రా ఫీచర్" అని ఒక మాట చెప్పి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇది ఎందుకంత ప్రమాదమో తెలియాలంటే డిఫరెన్షియల్ చేసే పని తెలియాలి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. రెండు చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుంటే, బండి ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా అంతే. ఈ తేడాను సర్దేది స్పైడర్ గేర్లు. అవి కదలకుండా అతికించేస్తే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగక తప్పదు, అంటే ప్రతి మలుపులో ఏదో ఒక టైరు రోడ్డు మీద రాసుకుపోవాల్సిందే. పొడి రోడ్డు మీద ఆ ఒత్తిడి టైర్లు, యాక్సిల్ షాఫ్టులు (డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు పోయే ఇరుసులు) మోస్తాయి. బండి ముక్కు తిరగనని మొరాయించి తిన్నగా పోవాలని చూస్తుంది. తడి రోడ్డు మీద మాత్రం అసలు కథ వేరు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో యాక్సిలరేటర్ ఎక్కువైతే సాధారణంగా బరువు తగ్గిన లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది, బయటి చక్రం రోడ్డును పట్టుకుని బండిని పక్కకు పోకుండా కాపాడుతుంది. రెండూ కలిపి బిగిస్తే ఆ కాపాడే చక్రం కూడా జారుతుంది.

మరి కొందరు ఎందుకు వెల్డ్ చేయిస్తారు? మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది, అది నిజమే. అది రెండు చక్రాలకూ సమానమైన టార్కే (తిప్పే బలమే) ఇస్తుంది. ఒక చక్రం బురదలో ఉండి ఎంత తక్కువ టార్క్‌కే జారుతుందో, గట్టి నేల మీదున్న రెండోదానికీ అంతే అందుతుంది. అందుకే ఒక చక్రం గాల్లోకి లేస్తే రెండోది కదలదు. ఫోర్ బై ఫోర్ అయినా సరే, ముందూ వెనకా ఓపెన్ డిఫరెన్షియల్సే ఉంటే ముందు ఒకటి, దానికి ఐమూలగా వెనక ఒకటి పట్టు కోల్పోతే బండి అక్కడే ఆగిపోతుంది. ఈ ఇబ్బందికి సరైన పరిష్కారాలు ఉన్నాయి, వాటికి ఖర్చవుతుంది. వెల్డింగ్‌కు పెద్దగా ఖర్చు లేదు. అందుకే రేసు ట్రాక్ మీదా డ్రిఫ్టింగ్‌కూ (బండిని కావాలనే పక్కకు జార్చుతూ నడపడానికి) వాడే బండ్లకు ఇలా చేస్తారు. ఆ బండిని అక్కడే వాడుకుంటే వాళ్ల ఇష్టం. దాన్ని ఫ్యామిలీ బండి అని చెప్పి ఇంకొకరికి అంటగట్టడం మాత్రం మోసం, ప్రాణాలతో ఆట.

అసలైన డిఫరెన్షియల్ లాక్ అవసరమైనప్పుడు పడుతుంది, అక్కర్లేనప్పుడు విడుతుంది. స్విచ్‌తో పడే రకానికి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ట్రాక్టర్లో కాలితో తొక్కే లాక్ ఉంటుంది, దానికీ మలుపు తిప్పేముందు లాక్ వదిలేయమనే చెబుతారు. కొన్ని మెకానికల్ రకాలు ఒక చక్రం మరీ వేగంగా తిరిగితే తమంతట తామే పడతాయి. లిమిటెడ్ స్లిప్ అనే డిఫరెన్షియల్ రకం పూర్తిగా బిగించదు, కొంత టార్క్‌ను పట్టున్న వైపు మళ్లిస్తుంది. అందులో టోర్సెన్ లాంటి గేర్ల రకానికి జారే చక్రం మీద కొంచెమైనా పట్టు ఉండాలి, చక్రం పూర్తిగా గాల్లో ఉంటే అది పెద్దగా చేయగలిగింది లేదు. ఇక ట్రాక్షన్ కంట్రోల్ జారుతున్న చక్రానికి బ్రేకు వేసి రెండోదానికి టార్క్ అందేలా చేస్తుంది. మామూలు రోడ్లకు అది చాలు, బురదలో ఎక్కువసేపు లాగితే బ్రేకులు వేడెక్కుతాయి. వీటిలో ఏది ఉందో అమ్మేవాళ్లను పేరు పెట్టి అడగండి. "అన్నీ ఉన్నాయి" అన్నారంటే అనుమానించండి.

ఈ కాలపు బండ్లలో ఇంకో చిక్కు ఉంది. స్టెబిలిటీ కంట్రోల్ అనేది బండి పక్కకు జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి తిన్నగా చేస్తుంది. వెనక రెండు చక్రాలూ కలిసిపోయి ఉంటే విడిగా బ్రేకు వేయడం ఎలా కుదురుతుంది? ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే సిస్టమ్) లెక్క కూడా తప్పుతుంది. కంపెనీ బిగించిన లాక్ ఉన్న చాలా బండ్లలో లాక్ వేయగానే ఈ సిస్టమ్స్ ఆగిపోవడమో, ఒక వేగం దాటితే లాక్ పడకపోవడమో ఉంటుంది. వెల్డింగ్ సంగతి బండి కంప్యూటర్‌కు తెలియదు.

కొనేముందు ఇలా చూడండి. చదునైన నేల మీద ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టించి, వెనక రెండు చక్రాలూ లేపించి యాక్సిల్ స్టాండ్ల మీద నిలబెట్టించండి. ఇంజన్ ఆపేసి, ఫోర్ బై ఫోర్ అయితే టూ వీల్ డ్రైవ్‌లో పెట్టి, ఫస్ట్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ తీసేయండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. ఇప్పుడు ఒక వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే రెండో చక్రం ఎదురు దిక్కులో సులువుగా తిరుగుతుంది. తనంతట తాను పడే మెకానికల్ లాక్ కూడా చేత్తో తిప్పితే ఇలాగే తిరుగుతుంది. ప్లేట్ల రకం లిమిటెడ్ స్లిప్ బాగుంటే గట్టిగా బలం పెట్టాలి. స్విచ్ లాక్ ఉందన్నారా, లాక్ తీసినప్పుడు తిరగాలి, వేసినప్పుడు బిగుసుకోవాలి. ఏం చేసినా కొంచెం లూజు తప్ప రెండు చక్రాలూ కదలకపోతే లాక్ ఇరుక్కుపోయిందో, వెల్డింగ్ చేశారో అన్నమాటే. ఆ బండి వదిలేయండి.

లేపనివ్వకపోతే ఖాళీగా ఉన్న పొడి నేల మీద, టూ వీల్ డ్రైవ్‌లోనే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. టూ వీల్ డ్రైవ్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాల మధ్య తేడాను సర్దేది) లేని పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌ను గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే మంచి బండి కూడా ఇలాగే బిగుస్తుంది. అద్దాలు దించి, పాటలు ఆపి వినండి. వెనక టైరు కీచుమనడం, కుదుపులు, క్లచ్ తొక్కగానే బండి సాగకుండా చటుక్కున ఆగడం కనిపిస్తే కారణం తేలేదాకా డబ్బు తీయకండి. వెనక నుంచి ఊళ లాంటి శబ్దం వస్తుందేమో ఆయిల్ బాగా వేడెక్కాక వినండి. అరిగిన గేర్ల శబ్దం చిక్కటి ఆయిల్ పోస్తే కొంతకాలం దాగుతుంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే కంగారు అక్కర్లేదు, రేకులూ ముక్కలూ ఉంటే మాత్రం లోపల ఏదో విరుగుతోంది. వెనక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయో కూడా చూడండి.

"డిఫరెన్షియల్‌లో ఏ మార్పూ చేయలేదు" అని అమ్మేవాళ్లతో కాగితం మీద రాయించుకోండి. నాకు బండి అమ్మినతను అన్నీ నోటిమాటగానే చెప్పాడు, ఇప్పుడు అడుగుతుంటే అసలు ఆ మాటే అనలేదంటున్నాడు.

ఇప్పటికే కొనేసి, పైన చెప్పిన లక్షణాలు మీ బండిలో ఉన్నవాళ్లు తడి రోడ్ల మీద తీయకుండా ముందు కవర్ విప్పించండి. యాక్సిల్ షాఫ్టులు కూడా చూపించండి. వెల్డ్ చేసిన బండిలో అవి మెలిపడి అలసిపోతాయి, కొన్ని రకాల యాక్సిళ్లలో షాఫ్టు విరిగితే చక్రమే బయటికి వచ్చేస్తుంది. మరమ్మతు అయ్యాక మామూలు డిఫరెన్షియల్ వచ్చినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఒక్క వెనక చక్రాన్నే జాకీ మీద లేపితే గేర్లో ఉందనో పార్క్‌లో ఉందనో ధైర్యపడకండి. లేచిన చక్రం వెనక్కి తిరిగితే నేల మీదున్న చక్రం ముందుకు దొర్లుతుంది, బండి జాకీ మీద నుంచి దిగిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు దిమ్మలు పెట్టాకే జాకీ ఎత్తండి.