దిద్దేవారి కుర్చీలో నాలుగు వారాలు: ఒక శిక్షణపై సమీక్ష

జవాబుపత్రాలకు మార్కులు ఎలా పడతాయో ఉన్నత పాఠశాల విద్యార్థులకు నేర్పే నాలుగు వారాల ఆన్‌లైన్ శిక్షణలో మా అమ్మాయిని చేర్పించి, తనతోపాటు నేనూ తరగతులన్నీ విన్నాను. మార్కుల కిటుకులు చెప్పే మరో శిక్షణేమోనన్న నా అనుమానం మూడు వారాల పాటు తప్పని తేలింది. నాలుగో వారం కొంతవరకు నిజమైంది.

మొదటి తరగతిలో ఉపన్యాసం లేదు. ఒక భౌతికశాస్త్ర ప్రశ్న, దానికి రెండు నమూనా జవాబులు, ఒక వాల్యుయేషన్ స్కీమ్ (జవాబులో దేనికి ఎన్ని మార్కులో చెప్పే సూచిక) ఇచ్చి, పిల్లల్నే దిద్దమన్నారు. 2 కిలోల వస్తువుపై 10 న్యూటన్ల బలం పనిచేస్తే త్వరణమెంత, నిశ్చలస్థితి నుంచి 4 సెకన్ల తర్వాత వేగమెంత అన్నది ప్రశ్న. మొదటి జవాబులో బలాన్ని ద్రవ్యరాశితో భాగించడానికి బదులు గుణించి త్వరణం 20 అని రాసి, ఆ విలువనే రెండో భాగంలో సక్రమంగా ప్రతిక్షేపించి వేగం 80 అని తేల్చారు. మా అమ్మాయి రెండు భాగాలకూ సున్నా వేసింది. ఆ స్కీమ్ ప్రకారం తప్పుకు కోత ఒక్కసారే. రెండో భాగంలో పద్ధతి సరైనదే కాబట్టి అక్కడి మార్కులు పోవు. అన్ని పరీక్షల్లోనూ ఈ నియమం ఉండదని, ఎవరి పరీక్ష స్కీమ్ వారు చూసుకోవాలని బోధకురాలు వెంటనే హెచ్చరించారు. రెండో జవాబులో సోపానాలు లేవు, ప్రమాణాలు లేవు, సరైన సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. వాటికి పూర్తి మార్కులు ఎందుకు రావో పిల్లలు వాదించుకున్న పావుగంటే ఈ శిక్షణ మొత్తంలో అత్యంత విలువైనదని నా అభిప్రాయం.

రెండో వారం ప్రశ్నలోని క్రియాపదాలపై నడిచింది. కణవిభజనలోని రెండు రకాలైన సమవిభజనను, క్షయకరణ విభజనను పోల్చమంటే రెండింటినీ విడివిడిగా వర్ణించి ఊరుకునే జవాబులో సమాచారం ఎంత ఉన్నా, అడిగిన పోలిక ఉండదు.

మూడో వారం వ్యాసరూప జవాబులది. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని 142 మంది ఉపాధ్యాయుల చేత దిద్దిస్తే మార్కుల మధ్య 30కి పైగా తేడా వచ్చిందని చెప్పి, అందుకే దిద్దేవారందరూ ముందుగా కొన్ని నమూనా పత్రాలు దిద్ది ఒక ప్రమాణానికి వచ్చే పద్ధతి ఉందని వివరించారు. అయితే వ్యాసాన్ని ఒక్కో అంశానికి ఇన్ని మార్కులని కాక, మొత్తంగా ఏ స్థాయిలో ఉందో చూసి ఎలా అంచనా వేస్తారో చూపడానికి ఒక్క నమూనాతో సరిపెట్టారు. మంచి వ్యాసాన్నీ సాధారణ వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి ఉంటే ఆ తేడా పిల్లలకు అంది ఉండేది.

నాలుగో వారం కంఠస్థం చేయాల్సిన కీలకపదాల జాబితాలు పంచారు. అర్థం కుదరని చోట కీలకపదం ఇరికిస్తే మార్కు రాదని మొదటి వారంలో తామే నిరూపించారు కదా! మా అమ్మాయి రాసి పంపిన జవాబును తొమ్మిది రోజుల తర్వాత 'ఇంకా వివరంగా రాయాలి' అన్న ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. ఏ మార్కు ఎక్కడ తగ్గిందో చెప్పని వ్యాఖ్య విద్యార్థికి పనికిరాదని రెండో వారంలో చెప్పినవారూ వీరే.

మొదటి మూడు వారాలను విడిగా తీసుకునే వీలుంటే తీసుకోవచ్చు. మా అమ్మాయి ఇప్పుడు తన పరీక్ష పేపర్లను టీచరు ఇచ్చిన మార్కులు చూడకముందే పెన్సిలుతో దిద్దుకుంటోంది. నిన్న తనకు తాను 14 వేసుకుంది, టీచరు 16 వేశారు.