టొరంటోనా, ఎడ్మంటనా?

1993లో మాంట్రియల్ గెలిచాక 2025 వరకు ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు ఏ కెనడా జట్టుకూ దక్కలేదు. ఆ కరవు తీర్చగలిగేది ఎవరని అడిగితే, మనసు టొరంటో మేపుల్ లీఫ్స్ వైపు లాగినా, ఆశ మాత్రం ఎడ్మంటన్ ఆయిలర్స్ మీదే పెట్టుకుంటాను.

టొరంటో చివరిసారి కప్పు గెలిచింది 1967లో. 2023-24 సీజన్‌లో ఆ జట్టు స్టార్ ఆటగాడు మాథ్యూస్ 69 గోల్స్ కొట్టినా, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) తొలి రౌండులోనే ఇంటిదారి పట్టింది. 2025 మే నెలలో ఫ్లోరిడా పాంథర్స్ చేతిలో సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్‌ను సొంతగడ్డపై 6–1తో ఓడుతుంటే, అభిమానులు జెర్సీలు విప్పి మంచు మీదికి విసిరారు. అందులో నాకు కోపం కన్నా దుఃఖమే ఎక్కువగా కనిపించింది.

ఎడ్మంటన్ తీరు వేరు. ఏడు మ్యాచ్‌ల 2024 ఫైనల్లో అదే ఫ్లోరిడా చేతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి, ఆపై మూడూ గెలిచి, చివరిదాన్ని 2–1తో చేజార్చుకుంది. ఆ ప్లేఆఫ్స్‌లో 34 అసిస్టులతో (గోల్‌కు దారితీసిన పాస్‌లతో) రికార్డు నెలకొల్పిన కెప్టెన్ మెక్‌డేవిడ్, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా తనకు ప్రకటించిన కాన్ స్మైత్ ట్రోఫీని అందుకోవడానికి రింక్‌లోకి తిరిగి రాలేదు. కప్పు తప్ప మరేదీ అక్కరలేని అలాంటి నాయకుడున్న జట్టు, 2025 ఫైనల్లోనూ ఓడినప్పటికీ, గోల్‌కీపింగ్‌లో నిలకడ సాధిస్తే టొరంటో కన్నా ముందే గమ్యం చేరుతుందని నా గట్టి నమ్మకం.