‘అలవాటవుతుంది మేడమ్’: ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో మూడున్నరేళ్ళు

“అలవాటవుతుంది మేడమ్.” కళ్ళజోళ్ళ షోరూములో విన్న ఈ రెండు మాటల మీద నా కోపం మూడున్నరేళ్ళయినా చల్లారలేదు. ప్రోగ్రెసివ్ అద్దాలు (మధ్యలో గీత లేకుండా పైన దూరానికి, కింద దగ్గరకి పనికొచ్చేవి) తీసుకోమంటారా అని స్టాఫ్‌రూములో ఎవరైనా అడిగితే, ఏ కంపెనీ అని అడగను. మీ కళ్ళకి ఎదురుగా అద్దం మీద పెన్నుతో చుక్క పెట్టారా లేదా అని అడుగుతాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండు కళ్ళకీ మైనస్ 2.50. నలభై ఐదు దాటాక చత్వారం దిగింది, దగ్గరకి ఇంకో 1.75 కలపాలన్నారు. వెనక బెంచీ వాళ్ళ మీద ఒక కన్నేసి, బోర్డు మీద రాస్తూ, మధ్యలో పుస్తకం చూసుకుంటూ పీరియడ్‌కి నలభైసార్లు కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకోవడం విసుగొచ్చింది. బైఫోకల్ చవకే గానీ, మా నాన్నగారి కళ్ళజోడులో కిందుండే ఆ అర్ధచంద్రం గీత చూస్తూ పెరిగినదాన్ని. అది పెట్టుకుంటే రిటైరైపోయినట్టే అనిపించింది. డాబే, కాదనను.

మా ఊళ్ళో ఒక పెద్ద షోరూములో ఫ్రేముతో కలిపి 13,800 అయింది. ఫ్రేము నేనే ఏరుకున్నాను, సన్నగా నాజూగ్గా ఉందని. అక్కడి అబ్బాయి ఏదో మిషన్‌లోకి చూడమని, రెండు కళ్ళ మధ్య దూరం తీసుకుని, “అయిపోయింది మేడమ్” అన్నాడు.

మొదటి రోజు మెట్లు దిగుతుంటే నేల పైకి తేలినట్టు అనిపించింది. కొత్తలో అంతేనని నాకూ తెలుసు. వారం తర్వాత వెళ్తే అలవాటవుతుంది మేడమ్. నెల తర్వాత వెళ్తే మళ్ళీ అదే. రెండో నెలలో మెడ వెనక పట్టేయడం మొదలైంది. స్పాండిలైటిస్ అనుకుని ఎక్స్‌రే తీయించుకుంటే ఏమీ లేదన్నారు. దిండు మార్చాను. మావారు అసలు దిండే మానెయ్యమన్నారు. దూరం చూపు శుభ్రంగా ఉండేసరికి కళ్ళజోడు మీద అనుమానమే రాలేదు.

గుట్టు విప్పింది పదో తరగతి పిల్ల. సెప్టెంబరు 5న మా బడిలో స్వపరిపాలన దినోత్సవం. ఆ పిల్ల వాళ్ళమ్మ చీర కట్టుకుని, అద్దాల్లేని ఫ్రేమొకటి పెట్టుకుని నా వేషంలో వచ్చింది. పుస్తకం ఎదురుగా పట్టుకుంది. గడ్డం పైకెత్తింది. ముక్కు మీదుగా కిందికి చూస్తూ, “ఆల్ఫా, బీటాలు శూన్యాలైతే…” అని మొదలుపెట్టింది. బోర్డు వైపు తిరిగినా అంతే, చాక్‌పీసు బోర్డు మీద, గడ్డం సీలింగుకేసి. క్లాసంతా గొల్లుమంది. నేనూ పడీ పడీ నవ్వాను. నవ్వుతూనే చెయ్యి మెడ మీదికి పోయింది. నాలుగు నెలలుగా నేను చేస్తున్నది అదే!

ఆ శనివారం గుంటూరు వెళ్ళాను. అరండల్‌పేటలో చిన్న దుకాణం, పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. నా కళ్ళజోడు తీసుకుని, అద్దం మీద నోటితో ‘హా’ అని ఆవిరి పట్టించి, లైటుకి వాలుగా పట్టి చూపించాడు. ఆవిరి ఆరిపోయేలోపు రెండు చిన్న సున్నాలు కనిపించాయి, సూదితో గీసినంత సన్నగా. వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లట. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దంలోనూ అలాంటి గుర్తులుంటాయి. బయటివైపు గుర్తు కింద దగ్గర చూపుకి కలిపిన పవర్ కూడా చెక్కి ఉంటుంది. నాలుగు నెలలు తుడిచిన అద్దం మీద అవి ఉన్నాయని నాకు తెలియనే తెలియదు.

ఆ సున్నాలని పట్టుకుని, కంటిపాపకి సరిగ్గా ఎదురుగా రావలసిన చోటు లెక్కగట్టి మార్కర్‌తో చుక్క పెట్టాడు. “పెట్టుకుని నా ముక్కు మీదికి చూడమ్మా” అన్నాడు. చూశాను. ముఖం చూసుకునే అద్దం చేతికిచ్చాడు. చుక్కలు నా కింది రెప్పల అంచు దగ్గర ఉన్నాయి. 4 మిల్లీమీటర్లు కిందికి! పైగా ఫ్రేము నిలువు మొత్తం 27. “చదువుకునే భాగం కిందెక్కడో పడిందమ్మా. అద్దం ఫ్రేముకి అరగదీసినప్పుడు అందులో సగం దుమ్ములో కలిసిపోయింది” అన్నాడు.

పాత షోరూముకి వెళ్ళి చెబితే, అద్దాలు మార్చే గడువు దాటిపోయిందన్నారు. గడువు దాటేదాకా అలవాటవుతుందన్నది వీళ్ళే కదా.

పెద్దాయన దగ్గరే కొత్తవి చేయించాను, 16,200. ఫ్రేము నిలువు 34. ముందు ఫ్రేముని నా ముక్కుకి, చెవులకి సరిచేసి, ఆ తర్వాత చుక్కలు పెట్టాడు. ఒక్కో కంటికి విడివిడిగా కొలిచాడు. నాలుగో రోజుకి కళ్ళజోడు ఉందన్న సంగతే మర్చిపోయాను. మెడనొప్పి నెలలోపే పోయింది. బోర్డు, బెంచీ, పుస్తకం మూడూ తల ఎత్తకుండానే. అప్పట్లో కనిపించిన వాళ్ళందరికీ తీసుకోండి తీసుకోండి అని చెప్పాను.

ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. పక్కల మసక పోలేదు, పోదు కూడా. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో పవర్ మారుతూ వచ్చే సన్నటి నడవ. ఆ నడవలో పవర్ ఎంత వేగంగా మారితే, పక్కకి జరిగేకొద్దీ మసక తెచ్చే వంకర (ఆస్టిగ్మాటిజం) దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుందని మింక్‌విట్జ్ అనే గణితవేత్త 1963లో లెక్కగట్టి చూపించాడు. ఇది చదివాక నాకు వృత్తిరీత్యా సంతోషం వేసింది, కొనుక్కున్నదాన్నిగా దిగులు వేసింది. ఖరీదైన డిజైన్లు ఆ మసకని అటూ ఇటూ సర్దగలవంతే, మాయం చేయలేవు. స్కూటీ మీద వెళ్తూ పక్కకి చూడాలంటే కళ్ళు కాదు, తలే తిప్పాలి. పడుకుని చదవడం కుదరదు. మెట్ల దగ్గర ఇప్పటికీ గడ్డం దించి చూసే దిగుతాను.

ఇంకో మాట, కాస్త సిగ్గుపడుతూ. పేపర్లు దిద్దేటప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టేస్తున్నాను. మైనస్ 2.50 కళ్ళకి 40 సెంటీమీటర్ల దూరం అద్దాలు లేకుండానే స్పష్టంగా కనిపిస్తుంది, పేజీ ఈ చివర నుంచి ఆ చివరదాకా. ఏప్రిల్ స్పాట్ వాల్యుయేషన్‌లో రోజంతా నా 16,200 డబ్బాలోనే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడానికీ అంతే.

కాబట్టి నాలా నిలబడి, తిరుగుతూ, దూరమూ దగ్గరా మార్చి మార్చి చూసే పని అయితే నాకు పనికొచ్చినట్టే మీకూ ఉపయోగపడొచ్చు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మావారికి వద్దనే చెప్పాను. ఆయన స్క్రీన్ దూరానికి విడిగా ఒక మామూలు జోడు చేయించుకుని హాయిగా ఉన్నారు. ప్లస్ పవర్ వాళ్ళకి నాలా తీసి చదువుకునే వీలుండదు, వాళ్ళ లెక్క వేరు.

మొన్న పరీక్ష చేయిస్తే దగ్గరకి కలపాల్సిన పవర్ 2.00కి వచ్చింది. అంటే నడవలో మార్పు ఇంకాస్త ఎక్కువ, పక్కల మసకా ఇంకాస్త ఎక్కువ. ఫ్రేము బాగానే ఉంది, అందులోకే కొత్త అద్దాలు వేస్తానన్నాడు పెద్దాయన. స్పాట్ అయ్యాక వస్తానని చెప్పాను.