ఓడ టికెట్టు మీద 'గ్యారంటీ' అని ఉంటే సంతకం పెట్టకండి: హనుమకొండ నుంచి ఒక హెచ్చరిక

సింగపూర్ నుంచి తిరిగి వచ్చి ఇంకా మూడు రోజులు కాలేదు, పెట్టెలు విప్పలేదు, కోపం చల్లారలేదు. చల్లారకముందే రాస్తున్నాను, ఎందుకంటే చల్లారిన తరువాత మనలో చాలామంది 'పోనీలే' అని ఊరుకుంటాం, ఆ ఊరుకోవడం మీదే ఇలాంటివారి వ్యాపారం నడుస్తుంది. హనుమకొండలో ఓడ ప్రయాణాల ప్యాకేజీలు అమ్మే ఆ ఏజెంటు ఎవరో అతని దగ్గరకు వెళ్లినవారికి పేరు పెట్టి చెప్పనవసరం లేదు.

మా బాపు, అమ్మల పెళ్లయి యాభై ఏళ్లు నిండాయి. అన్నావదినలు, వారి ఇద్దరు పిల్లలు, అక్కాబావలు, నేను, నా భార్య, మా పాప, అందరం కలిసి పదకొండు మందిమి, నాలుగు గదులు. సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలోని పెనాంగ్ చూసి, మళ్లీ సింగపూర్‌లోనే దిగే మూడు రాత్రుల ప్రయాణం. విమానం, వీసాలు అన్నీ కలిపి 8,60,000 రూపాయలు కట్టాం. అందులో సగం నేను ఎత్తిన చిట్టీ డబ్బు.

అతన్ని మేము అడిగినవి మూడే. అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, పది అడుగులకు మించి నడవలేదు, బయటికి వెళ్తే చక్రాల కుర్చీ తప్పదు. అందుకని చక్రాల కుర్చీ లోపలిదాకా వెళ్లే గది కావాలన్నాను. ఇలాంటి గదులు పెద్ద ఓడల్లో ప్రత్యేకంగా ఉంటాయి: తలుపు వెడల్పుగా, సుమారు 32 అంగుళాలు, ఆపైన ఉంటుంది, స్నానాల గదికి ఎత్తు గడప ఉండదు, గోడలకు పట్టుకునే కడ్డీలు ఉంటాయి. వెయ్యికి పైగా గదులున్న ఓడలో కూడా ఇవి కొన్ని పదులే కాబట్టి త్వరగా నిండిపోతాయని చదివి, ఏడు నెలల ముందే, కార్తీక మాసంలోనే వెళ్లి అడిగాం. రెండవది, వారి గదికి ఆనుకొని మా గది, ఆ రెండింటికీ మధ్య లోపలి తలుపు. రాత్రి అమ్మ పిలిస్తే నా భార్యకు వినపడాలి, అంతే.

మూడవది బాపు అడిగాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఎడ్లబండి మీద మేడారం జాతరకు పోయిన మనిషి. ఏజెంటు బల్ల మీద పరిచిన ఓడ నక్షాను చాలాసేపు చూసి, "బండిల ఇరుసు మీద కూసున్నోనికి కుదుపు తక్కువుంటది, కొసకు కూసున్నోని నడుము ఇరుగుతది. ఓడకు గూడ గట్లనేనా బిడ్డా?" అన్నాడు. అది అక్షరాలా నిజం. ఓడ అలల మీద మొన ఎత్తి దించేటప్పుడు నడిమి భాగం దాదాపు నిలకడగా ఉంటుంది, ముందు కొసా వెనుక కొసా లేచి పడతాయి, పై అంతస్తులకు పోయేకొద్దీ పక్కలకు ఊగడం కూడా పెరుగుతుంది. పెద్దవాళ్లకు నడిమిలో, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా గది తీసుకోవాలని తెలిసినవాళ్లు చెప్పేది అందుకే. ఏజెంటు మా బాపు భుజం మీద చెయ్యి వేసి, "గ్యారంటీ బాపూ. మూడుకు మూడు గ్యారంటీ. మీరు ఫికర్ వెట్టుకోకుండ్రి, అమ్మను మా అమ్మ లెక్క చూసుకుంట" అన్నాడు. సంక్రాంతికి అమ్మ చేసిన సకినాలలో ఒక డబ్బా అతనికి ప్రత్యేకంగా పంపింది. తీసుకున్నాడు, తిన్నాడు, బాగున్నాయని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఇప్పుడు ఆ 'గ్యారంటీ' అనే మాట సంగతి. మనకు గ్యారంటీ అంటే భరోసా. ఓడ టికెట్ల లెక్కలో దాని అర్థం దాదాపు తలకిందులు. కిటికీ లేని లోపలి గదా, కిటికీ గదా, బాల్కనీ గదా అన్న తరగతి మాత్రమే మనం ఎంచుకుంటాం. ఆ తరగతికి తగ్గకుండా ఏదో ఒక గది ఇస్తామని కంపెనీ మాట ఇస్తుంది. ఏ అంతస్తు, ఓడలో ఏ మూల, ఎవరి పక్కన అన్నది వాళ్ల ఇష్టం, మిగిలినవాటిలోంచి చివర్లో కేటాయిస్తారు, ఒకసారి కేటాయించాక సాధారణంగా మార్చరు. ధర తక్కువ ఉండేది ఆ కారణంగానే. ఇద్దరు కుర్రవాళ్లు పోతే అది మంచి బేరమే, అదృష్టం ఉంటే పై తరగతి గది కూడా రావచ్చు. కానీ నడవలేని తల్లిని, ఎనభైకి దగ్గరపడ్డ తండ్రిని, చిన్నపిల్లలను వెంటబెట్టుకొని పోయే కుటుంబానికి ఆ పద్ధతిలో టికెట్ కొట్టడం ఏ రకంగా చూసినా ద్రోహమే. మా నాలుగు గదులూ అతను అలాగే కొట్టాడు. మా దగ్గర మాత్రం గదులు ఎంచుకునే ధర తీసుకున్నాడు. చక్రాల కుర్చీ మనిషి ఉన్నారన్న మాట ఓడ కంపెనీకి చెప్పనే లేదు.

ఇది మాకు తెలిసింది ఓడ ఎక్కాక, గది తలుపు దగ్గర. అమ్మా బాపుల గది పన్నెండవ అంతస్తులో, సరిగ్గా ఓడ మొన వైపు పడింది. పొడుగాటి సన్నని నడవలో అమ్మను తోసుకుంటూ వెళ్లి తలుపు తీసి కుర్చీని ముందుకు తోస్తే రెండు చక్రాల కడ్డీలూ తలుపు చట్రానికి తగిలి ఆగిపోయాయి. వెనక్కి లాగి, వంకర పెట్టి, మళ్లీ తోశాను. మూడవసారి అమ్మ వేలు చట్రానికీ కడ్డీకీ మధ్య నలిగింది. "ఆగు కొడుకా, నేను దిగుత" అంటూ గోడ పట్టుకొని లేచింది. తరువాత కొలిస్తే తలుపు 23 అంగుళాల లోపే ఉంది, కుర్చీ 25. లోపల స్నానాల గదికి నాలుగు వేళ్ల ఎత్తు గడప. బాల్కనీకి ఇంకో గడప. మా గది ఏడవ అంతస్తులో, ఓడ వెనుక భాగంలో. అన్న వాళ్లది తొమ్మిదవ అంతస్తు. అక్కాబావల గది సరిగ్గా డాన్సు హాలు పైన. రాత్రి ఒంటిగంట దాటేదాకా మంచం కింద డప్పు కొట్టినట్టే ఉండేదట.

ఓడలోని సేవల కౌంటర్ దగ్గర నిలబడి బతిమాలాను. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా కంప్యూటర్ చూసి, చక్రాల కుర్చీ పట్టే గదులన్నీ నిండాయని, మా బుకింగులో ఎలాంటి ప్రత్యేక అవసరమూ రాసి లేదని, గది నంబర్లు మాత్రం నాలుగు రోజుల ముందే ఏజెంటుకు పంపామని చెప్పింది. నాలుగు రోజుల ముందు! ఆ రోజు సాయంత్రమే అతను ఫోన్ చేసి "అంతా సెట్ సార్" అన్నాడు.

మొదటి రోజు జరిగే భద్రతా అభ్యాసం గురించి కూడా చెప్పాలి. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా ఓడ మునిగి 32 మంది చనిపోయిన తరువాత, ఓడ బయలుదేరకముందే లేదా బయలుదేరిన వెంటనే ఈ అభ్యాసం జరగాలని నిబంధన కట్టుదిట్టం చేశారు. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో గది తాళం కార్డు మీద ఒక అక్షరం ఉంటుంది, అది గదిని బట్టి ఇస్తారు. మా నాలుగు గదులకు మూడు వేర్వేరు అక్షరాలు వచ్చాయి. అంటే నిజంగా ఏదైనా జరిగి ఉంటే అమ్మా బాపులు ఒక చోట, మేము ఇంకో చోట, పిల్లలు మరో చోట ఉండేవాళ్లం. గదులు చెల్లాచెదురుగా పడితే నడక ఎక్కువవుతుందన్న ఒక్క ఇబ్బందే అని నేను అప్పటిదాకా అనుకున్నాను. ఆ కార్డులను వరుసగా పేర్చి చూసినప్పుడు నా వెన్ను చల్లబడింది.

సింగపూర్ నుంచి పెనాంగ్‌కు ఓడ పోయే మలక్కా జలసంధి మామూలుగా శాంతంగానే ఉంటుందంటారు. మొదటి రాత్రి మాత్రం గాలి లేచింది. బాపుకు తెల్లవార్లూ వాంతులు. నా భార్య పిల్లను నాకు వదిలి పై అంతస్తుకు వెళ్లి వాళ్ల గదిలోనే సోఫా మీద కూర్చుంది. రెండవ రోజు మధ్యాహ్నం అమ్మ పెదవులు ఎండిపోయి కనిపిస్తే అడిగాం. ముందు రోజు సాయంత్రం నుంచి ఆమె నీళ్లు తాగలేదు. రాత్రి ఆ గడప దాటి స్నానాల గదికి పోవాలంటే ఎవరినో లేపాలి కదా అని గ్లాసు ముట్టలేదు. ఏభై ఏళ్ల పండుగ అని తీసుకుపోయి మేము ఆమెకు పెట్టింది అది. పెనాంగ్‌లో ఇద్దరూ దిగలేదు.

నిన్న పొద్దున బాపూ నేనూ అతని ఆఫీసుకు వెళ్లాం. అరవాలని వెళ్లలేదు, ధర తేడా అన్నా తిరిగి ఇమ్మని అడగడానికి వెళ్లాం. అతను ఫైలు తీసి మా కాగితం బల్ల మీద పెట్టి, గది నంబరు ఉండాల్సిన చోట ఉన్న 'జి.టి.వై.' అనే మూడు అక్షరాల చుట్టూ (గ్యారంటీ అన్న మాటకు పొట్టి రూపం అది) ఎర్ర పెన్నుతో సున్న చుట్టాడు. "సంతకం మీదే కద సార్? బ్యాంకుల పనిజేస్తరు, చదువుకోలేదా?" అన్నాడు. నాకు మాట రాలేదు. నేను సహకార బ్యాంకులో పనిచేస్తాను. సంతకం పెట్టేముందు చదువుకోండి అని రోజుకు పది మంది రైతులకు చెప్పే నోరు నాది, ఆ కాగితం మాత్రం నేను చదవలేదు. అతను అమ్మా, బాపూ అని పిలుస్తుంటే చదవాలన్న ఆలోచనే రాలేదు. ఆ తప్పు నాదే, ఇంట్లో అందరి ముందూ ఒప్పుకున్నాను.

కానీ తరువాత అన్న మాటకు క్షమాపణ లేదు. బాపు ఎదురుగా కూర్చుని ఉండగానే, ఫోన్ చూసుకుంటూ, తల ఎత్తకుండా, "నడవరాని ముసలామెను ఓడ ఎందుకు ఎక్కిచ్చిండ్రు సార్? యాదగిరిగుట్టకు తీస్కపోతే అయిపోతుండె కద" అన్నాడు. ఆమె చేతి సకినాలు తిన్న నోటితో అన్నాడు. బాపు ఒక్క మాట అనలేదు. కండువా దులిపి భుజాన వేసుకొని, "పా కొడుకా" అని లేచాడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ మీద ఆయన చెయ్యి వణుకుతోంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నిన్ననే ఫిర్యాదు చేశాను. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. ఆ కాగితాలు కూడా సిద్ధం చేస్తున్నాను.

పెద్దవాళ్లతో ఓడ ప్రయాణం అనుకుంటున్నవారికి చెప్పేది కొంచెమే. గది నంబరు చేతికి రాకుండా పూర్తి డబ్బు కట్టకండి. ఆ నంబరును ఓడ కంపెనీ వెబ్‌సైటులోని నక్షాలో వెతికి, పైనా కిందా ఏముందో చూడండి. ఈత కొలను కింద, హాలు పైన ఉన్న గదులు వద్దు, కిటికీకి ఎదురుగా రక్షణ పడవ వేలాడే గదులూ ఉంటాయి. చక్రాల కుర్చీ వెడల్పు కొలిచి, ప్రత్యేక అవసరాల ఫారం మీరే కంపెనీకి పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. అందరినీ ఒకే భద్రతా స్థలానికి కేటాయించమని ముందే అడగండి.

దసరా సెలవులకు అతని దగ్గర అడ్వాన్సు కట్టినవారు మన ఊళ్లో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. దయచేసి ఈ రాత్రే ఆ కాగితం బయటికి తీసి, గది నంబరు ఉండాల్సిన చోట అంకెలు ఉన్నాయో, ఆ మూడు అక్షరాలు ఉన్నాయో చూడండి.