ఆరేళ్ళుగా మా అత్తయ్య గారి టీవీలో గేటు కెమెరా

మాది తెనాలి. 2019 ఎండాకాలంలో ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాం, అంటే ఇప్పటికి ఆరేళ్ళు దాటింది. ఫోన్‌లో చూసుకోడం గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను దాని జోలికి పోను. టీవీలో చూసుకోడం గురించి రాస్తున్నా, ఎందుకంటే మా ఇంట్లో ఆ కెమెరాలు నిజంగా వాడే మనిషి మా అత్తయ్య గారు. ఆవిడకి 76 ఏళ్ళు, ఫోన్ ఎత్తడం పెట్టడం తప్ప ఇంకేం రాదు, రెండు మోకాళ్ళూ నొప్పులే. మా గేటుకీ గుమ్మానికీ మధ్య నలభై అడుగుల దారి ఉంది, బెల్ మోగినప్పుడల్లా ఆవిడ గోడ పట్టుకుని లేచి వరండాలోకి వెళ్ళేసరికి వచ్చినవాళ్ళు విసుగొచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. మేమిద్దరం పగలంతా ఉద్యోగాల్లో ఉంటాం. కెమెరాలు దొంగల భయంతో పెట్టించుకున్నాం గానీ మొదటి నెలలోనే నాకర్థమైంది ఏంటంటే ఫోన్‌లో వచ్చే బొమ్మ బయట తిరిగేవాళ్ళకి పనికొస్తుంది, ఇంట్లో ఉండే మనిషికి టీవీయే కావాలి.

మాది 2 మెగాపిక్సెల్ కెమెరాలు, నాలుగు ఛానెళ్ళ డీవీఆర్ (కెమెరాల బొమ్మ రికార్డు చేసే డబ్బా), 1 టీబీ హార్డ్ డిస్క్, అందరికీ వేసే త్రీ ప్లస్ వన్ వైరే, అంటే బొమ్మకీ కరెంటుకీ కలిపి ఒకే తొడుగులో వచ్చేది. బిగించిన అబ్బాయి డీవీఆర్ మా బెడ్రూమ్ అటక మీద పెట్టి, మా ఇద్దరి ఫోన్లలో యాప్ వేసి వెళ్ళిపోయాడు. టీవీకి కూడా కలిపి వెళ్ళు బాబూ అంటే ఫోన్‌లో వస్తోంది కదమ్మా అన్నాడు. ఇప్పుడు కొత్తగా పెట్టించుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇదొక్కటి వినండి, గోడల్లో వైర్లు లాగేటప్పుడే డీవీఆర్ దగ్గర్నుంచి టీవీ దగ్గరికి ఒక క్యాట్ 6 కేబుల్ (ఇంటర్నెట్‌కి వాడే వైరు), ఒక కోయాక్స్ వైరు (కేబుల్ టీవీకి వాడేది) అదనంగా లాగించుకోండి, తర్వాత లాగాలంటే మాకైనట్టు కొత్త సున్నం గోడ మీద పట్టీలు కొట్టించుకోవాల్సిందే.

మొదట హెచ్‌డీఎంఐ కేబులే వేశాం, హాల్లో టీవీ దాకా 15 మీటర్లది. బొమ్మ వచ్చేది, ఉన్నట్టుండి తెర నల్లబడేది, మళ్ళీ వచ్చేది, అంచుల్లో మిణుకులు. కేబుల్ మార్చాం, అదే కథ. దూరం 10 మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ నమ్మకంగా పనిచేయదని అప్పుడు తెలిసింది. డీవీఆర్ మెనూలో డిస్‌ప్లే రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించితే ఆ నల్లబడ్డం ఆగింది, నాలుగు కెమెరాలు నాలుగు గళ్ళలో చూసేటప్పుడు ఆ తేడా కంటికి పెద్దగా తెలీదు కూడా. తర్వాత హెచ్‌డీఎంఐ బొమ్మని ఎక్కువ దూరం పంపే ఎక్స్‌టెండర్ తెచ్చాం, రెండు చిన్న డబ్బాలుంటాయి, ఒకటి డీవీఆర్ దగ్గర ఒకటి టీవీ దగ్గర, మధ్యలో క్యాట్ 6 కేబుల్, దాంతో మళ్ళీ 1080లోనే చూస్తున్నాం. రెండేళ్ళకి ఒక డబ్బా అడాప్టర్ పోయింది, అది మార్చుకున్నాం, అంతకుమించి ఇబ్బంది పెట్టలేదు.

బొమ్మ కంటే పెద్ద చిక్కు రిమోట్‌తో వచ్చింది. సెట్‌టాప్ బాక్స్ ఒక హెచ్‌డీఎంఐలో, డీవీఆర్ రెండోదాంట్లో. బెల్ మోగితే అత్తయ్య గారు టీవీ రిమోట్ వెతికి, సోర్స్ నొక్కి, కిందకి దిగి, ఓకే కొట్టి చూసి, మళ్ళీ అదే దారిలో సీరియల్‌కి వెనక్కి రావాలి. సోర్స్ బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను, వారం రోజులు పక్కన కూర్చుని నేర్పించాను. నేర్చుకున్నారు కూడా, కానీ ఒకసారి పొరపాటున ఏదో నొక్కితే నీలం తెర వచ్చింది, నేను సాయంత్రం వచ్చేదాకా ఆవిడ టీవీ లేకుండా కూర్చున్నారు. ఆరోజు నాకు చాలా బాధేసింది, ఆవిడ కోసం పెట్టిన వసతి ఆవిడకున్న ఒక్క కాలక్షేపాన్నీ తీసేసినట్టయింది.

అసలు పరిష్కారం చెప్పింది మా వీధిలో ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపిన పెద్దాయన. సెట్‌టాప్ బాక్సులు రాకముందు వాళ్ళు లోకల్ ఛానెల్ వేసేవాళ్ళు గుర్తుందా, వీసీడీ ప్లేయర్ బొమ్మని మాడ్యులేటర్ అనే డబ్బాలో పెట్టి ఏదో ఒక ఛానెల్ మీద ఇళ్ళకి పంపేవాళ్ళు, అదే డబ్బా మీ ఇంటికి ఒకటి పెట్టుకోండమ్మా అన్నారు. డీవీఆర్ వెనక వీడియో అవుట్ అని గుండ్రటి సాకెట్ ఒకటి ఉంది, అందులోంచి మాడ్యులేటర్‌కి, మాడ్యులేటర్‌లోంచి గోడల్లో వృథాగా పడున్న పాత కేబుల్ వైరుకి కలిపాం. మా పాత 22 అంగుళాల ఎల్‌సీడీ టీవీ ఒకటి అటక మీదే ఉంది, దాన్ని అత్తయ్య గారి గదిలో మంచానికెదురుగా పెట్టి ఆటో ట్యూనింగ్ చేస్తే కెమెరా బొమ్మ ఒకటో నంబర్ ఛానెల్‌గా వచ్చి కూర్చుంది. సెట్‌టాప్ బాక్స్ లేదు, సోర్స్ లేదు, స్విచ్ వేస్తే గేటు కనిపిస్తుంది, అంతే. మాడ్యులేటర్‌కీ కనెక్టర్లకీ కలిపి మాకు రెండు వేల లోపే అయింది.

క్వాలిటీ గురించి దాపరికం లేకుండా చెప్తాను, ఇది పాత కాలం టీవీ సిగ్నల్, 576 గీతల బొమ్మ. బండి నంబర్ ప్లేట్ చదవలేరు. కానీ పాలబ్బాయా, గ్యాస్ బండా, కొరియరా, తెలిసినవాళ్ళా తెలియనివాళ్ళా అన్నది మంచం మీంచే తెలిసిపోతుంది, మా అవసరం అదే. ఇంకోటి, ఇప్పుడొచ్చే కొన్ని డీవీఆర్‌లకి ఆ గుండ్రటి వీడియో అవుట్ ఉండట్లేదు, హెచ్‌డీఎంఐ, వీజీఏ మాత్రమే ఇస్తున్నారు, ఈ పద్ధతి కావాలంటే కొనేముందు వెనక్కి తిప్పి చూసుకోండి. అది ఉన్నా కొన్నిట్లో మెనూలోకి వెళ్ళి ఎంచుకోవాలి, మాదాంట్లో అలాగే చేయాల్సొచ్చింది.

దీంతో వచ్చిన ఒక తికమక చెప్పాలి. మాదాంట్లో హాల్ టీవీకీ ఆవిడ టీవీకీ వెళ్ళేది ఒకటే బొమ్మ. ఒక ఆదివారం మా ఆయన హాల్లో కూర్చుని ముందురోజు రికార్డింగ్ వెనక్కి తిప్పి చూస్తున్నారు, లోపల్నుంచి అత్తయ్య గారు "అమ్మాయ్, వదిన వచ్చింది, కాఫీ పెట్టు" అని కేకేశారు. మా ఆడపడుచు వచ్చి వెళ్ళింది ముందురోజు. కూతురు మళ్ళీ వచ్చిందని ఎంత సంబరంగా లేచారో, కాదని చెప్పడానికి నోరు రాలేదు నాకు. అప్పట్నుంచీ రికార్డింగ్ ఏదైనా చూడాలంటే ఫోన్‌లోనే చూస్తాం, డీవీఆర్ మౌస్ ఎవరూ ముట్టుకోం.

2021లో హాల్‌కి ఆండ్రాయిడ్ టీవీ కొన్నాం. అందులో టైనీక్యామ్ అనే యాప్ వేసుకుంటే డీవీఆర్‌కి వైరు లేకుండానే, రౌటర్ ద్వారా కెమెరాలు చూడొచ్చు. డీవీఆర్‌ని రౌటర్‌కి ల్యాన్ వైరుతో కలిపి, యాప్‌లో డీవీఆర్ ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దానికుండే నంబరు), యూజర్ పేరు, పాస్‌వర్డ్, పోర్ట్ దగ్గర 554 ఇస్తే చాలు, ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో బొమ్మ వస్తుంది. ఇక్కడ నేను నెల రోజులు పడ్డ తిప్పలు మీరు పడకూడదని రాస్తున్నా. ప్రతి కెమెరాకీ రెండు స్ట్రీములుంటాయి, పూర్తి క్వాలిటీ బొమ్మ మెయిన్, తేలికపాటి చిన్న బొమ్మ సబ్. నాలుగూ ఒకేసారి మెయిన్‌లో పెడితే మా టీవీ వేడెక్కి యాప్ మూసుకుపోయేది, టీవీల్లో ఉండే ర్యామ్ తక్కువ కదా. నాలుగు గళ్ళకి సబ్ స్ట్రీమ్ పెట్టుకుని, ఒక్కదాన్ని పెద్దది చేసినప్పుడు మాత్రమే మెయిన్ వచ్చేలా పెట్టుకున్నాక మళ్ళీ ఆగలేదు. వంటింట్లో పాత ఆండ్రాయిడ్ బాక్స్ ఒకటుంది, దాంట్లో సౌండ్ లేదు బొమ్మ లేదు, అది హెచ్.265 (వీడియోని బాగా కుదించే కొత్త పద్ధతి) చదవలేదట, డీవీఆర్‌లో సబ్ స్ట్రీమ్‌ని పాత పద్ధతి హెచ్.264కి మారిస్తే దాంట్లోనూ వచ్చింది. మెయిన్ మాత్రం 265లోనే ఉంచండి, లేకపోతే హార్డ్ డిస్క్ తొందరగా నిండుతుంది. మాకు ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) చొప్పున నాలుగూ కలిపి రోజుకి 86 జీబీ, అంటే 1 టీబీకి పదకొండు రోజుల పైచిలుకు రికార్డింగ్ ఉంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టీవీలో కెమెరాలు రాకపోవడం ఇంకో పెద్ద తలనొప్పి. కారణం తెలిసేదాకా యాప్‌నే తిట్టుకున్నాను, చూస్తే రౌటర్ మళ్ళీ ఆన్ అయినప్పుడు డీవీఆర్‌కి కొత్త ఐపీ ఇస్తోంది, టీవీ ఏమో పాత అడ్రస్‌లో వెతుకుతోంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి డీవీఆర్‌కి ఒకే ఐపీ ఎప్పటికీ ఉండేలా ఫిక్స్ చేశాను, ఆ గొడవ వదిలింది. రౌటర్, డీవీఆర్, కెమెరాల పవర్ సప్లై మూడూ ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించాం, అత్తయ్య గారి టీవీ కూడా, కరెంటు పోయిన రాత్రే కదా గేటు కనపడాల్సింది.

తర్వాత పెరట్లో బావి వైపు ఒక వైఫై కెమెరా పెట్టాం, టాపో కంపెనీది. దాన్ని కూడా అదే టైనీక్యామ్‌లో కలపొచ్చు, కాకపోతే కంపెనీ యాప్ లాగిన్ పనికిరాదు, ఆ యాప్‌లోనే అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో కెమెరా అకౌంట్ అని విడిగా పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, ఈ సంగతి తెలీక చాలామంది రావట్లేదు అనుకుంటారు. ఆలస్యం ఎంతో తెలుసుకోడానికి మా అబ్బాయిని గేటు దగ్గర నిలబెట్టి చెయ్యి ఊపమని లెక్కపెట్టాను. అత్తయ్య గారి మాడ్యులేటర్ టీవీలో ఊపిన వెంటనే కనిపించింది, ఆండ్రాయిడ్ టీవీలో ఇంటి నెట్‌వర్క్ మీదే అయితే ఒకటి రెండు సెకన్లు, ఇంటర్నెట్ మీదుగా తిరిగొచ్చే పద్ధతిలో ఆరేడు సెకన్లు పట్టింది. గేటు దగ్గర మనిషిని చూడ్డానికి ఆరేడు సెకన్లంటే చాలా ఎక్కువ, బెల్ కొట్టినవాడు అప్పటికే బండి స్టార్ట్ చేస్తుంటాడు.

సీరియల్ చూస్తుంటే మూలన చిన్న గడిలో గేటు కనపడాలని నాకు ఆశ ఉండేది. యాప్‌లో ఆ వసతి ఉంది గానీ సెట్‌టాప్ బాక్స్ బొమ్మ మీద అది నిలవలేదు మా టీవీలో. ఇక ఆ ప్రయత్నం మానేశాను, విడిగా చిన్న టీవీ ఉండడమే నయం. రోజుకి పది గంటలు వేసినా ఆ 22 అంగుళాలదానికి కరెంటు పెద్దగా కాలదు.

పక్కింటి పిన్నిగారి విషయం కూడా రాయాలి. ఒకరోజు ఆవిడ మా హాల్లో కూర్చునుండగా టీవీలో నాలుగు గళ్ళూ వేసి ఉన్నాయి, ఒకదాని అంచులో వాళ్ళ వరండా, ఆరేసిన బట్టలు, తలదువ్వుకుంటున్న వాళ్ళమ్మాయి కనిపిస్తున్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ సగం తాగి వెళ్ళిపోయారు. ఫోన్‌లో చూసుకున్నన్నాళ్ళూ మేమది పట్టించుకోలేదు, టీవీలో వేసుకుంటే వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది కదా. ఆ సాయంత్రమే కెమెరా కొంచెం లోపలికి తిప్పించి, మిగిలిన అంచుకి డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ వేశాను, అంటే ఆ భాగం నల్లగా మూసేసి కనిపిస్తుంది, రికార్డు కూడా కాదు. పిన్నిగారిని పిలిచి చూపించాను. ఇది చాలా ముఖ్యం, దయచేసి అందరూ చేయండి. అలాగే టీవీ యాప్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్కించొద్దు, లైవ్ చూడ్డానికి మాత్రమే పనికొచ్చేలా వేరే యూజర్ తయారుచేసి అది ఇవ్వండి. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి లక్షల్లో దూరింది, అది చదివాక నేను బిగించిన అబ్బాయి పెట్టిన పాస్‌వర్డ్ కూడా మార్చేశాను.

అత్తయ్య గారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక నాలుగు నెలలు వరండాలోకి కూడా రాలేదు. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ సాయంత్రమయితే అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళని పలకరించడం ఆవిడకలవాటు. ఆ నాలుగు నెలలూ ఆ టీవీయే ఆవిడకి అరుగయింది. స్కూలు వదిలాక పిల్లలు పోతుంటే చూసేవారు, పూలావిడ రాలేదేంటని అడిగేవారు, "గడియ వేయలేదర్రా, ఆవు నందివర్ధనం మేసేస్తోంది" అని మమ్మల్ని పరిగెత్తించేవారు. ఏ యాప్ నోటిఫికేషనూ నాకు ఆవు సంగతి చెప్పలేదు, రాత్రిళ్ళు లైటు చుట్టూ తిరిగే పురుగులకీ సాలెగూడుకీ మాత్రం మోగుతూనే ఉండేది. ఆ సాలెగూళ్ళు నెలకోసారి పాత బనీను గుడ్డతో తుడవండి, రాత్రి బొమ్మ తెల్లగా మసకబారేది వాటివల్లే.

చివరగా ఈమధ్య జరిగింది. పోయిన నెల వీధిలో ఒక బండి పోయిందని పోలీసులు రికార్డింగ్ అడిగారు, తీద్దామని చూస్తే మూడు వారాలుగా ఏమీ లేదు, హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. హార్డ్ డిస్క్ పోయినా లైవ్ బొమ్మ ఎప్పట్లాగే వస్తుంది, అన్ని టీవీల్లోనూ చక్కగా వస్తోంది కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు, డీవీఆర్ కూత పెట్టేదే గానీ నిద్రకి అడ్డమని ఆ బజర్ మేమే ఎప్పుడో ఆపేశాం. ఆ బండి పోయిన కుటుంబానికి ముఖం చూపించలేకపోయాను. ఇప్పుడు కెమెరాలకనే తయారుచేసే 2 టీబీ డిస్క్ వేయించాం, బజర్ ఆన్ చేశాం, ప్రతి ఆదివారం పొద్దున ఫోన్‌లో ముందురోజు రికార్డింగ్ ఉందో లేదో చూస్తున్నా.