కుంకుడు రసం, చింతపండు, వంట సోడా: ఆరేళ్లుగా మా వంటింట్లో ఏది పనిచేసింది, ఏది చేయలేదు

కొన్న లిక్విడ్లు మానేసి ఇంట్లో దొరికేవాటితో గిన్నెలు, వంటిల్లు శుభ్రం చేసుకోవడం 2019 వానాకాలంలో మొదలుపెట్టాను. అప్పటికి నా కుడిచేతి వేళ్ల సందుల్లో చర్మం చిట్లిపోయి కాస్త ఉప్పు తగిలినా ప్రాణం పోయేంత మంట, అన్నంలో ఆవకాయ కలుపుకోవాలన్నా భయమే. డాక్టరు గారు చూసి గిన్నెలు తోమే లిక్విడ్, ఫ్లోర్ క్లీనర్ రెండూ కొన్నాళ్లు ముట్టుకోవద్దన్నారు, తప్పకపోతే గ్లౌజులు వేసుకోమన్నారు. గ్లౌజులతో తోమితే గిన్నెకి జిడ్డు వదిలిందో లేదో వేలికి తెలీదు, నాకు అది అస్సలు కుదర్లేదు. అమ్మకి ఫోన్ చేసి ఏడుపు మొహం పెడితే "కుంకుడుకాయలు నానేసుకోవే, మీ అమ్మమ్మ పట్టుచీరల దగ్గర్నుంచి పూజ సామాన్ల దాకా దాంతోనే కదా కడిగేది" అంది. అలా మొదలైంది. మాది హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాట్, బోరు నీళ్లు, ఇంట్లో నలుగురం, వారానికి రెండుసార్లు చేపలో చికెనో ఉంటాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నీళ్లని బట్టి, వంటని బట్టి ఫలితం చాలా మారుతుంది, మీ ఇంట్లో నాకు వచ్చినట్టే రాకపోవచ్చు.

ముందు కుంకుడు గురించే, ఎందుకంటే ఆరేళ్లలో ఒక్కరోజు కూడా మానకుండా వాడింది అదొక్కటే. ఇరవై కాయలు రాయితో చితక్కొట్టి లోపలి నల్ల గింజలు తీసేసి, ఆ తొక్కలు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెడతాను, పొద్దున్నే ఆ నీళ్లతోనే పది పదిహేను నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత నూలుగుడ్డలో వడకట్టేస్తాను. మరిగేటప్పుడు స్టవ్ దగ్గరే ఉండాలి, పాలలాగే పొంగుతుంది, పొంగితే బర్నర్ లోపలికంతా నురగ పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది. బయట పెడితే ఎండాకాలంలో మూడో రోజుకే పులిసిన వాసన కొడుతుంది, చెంచాడు నిమ్మ ఉప్పు వేస్తే ఇంకో రెండు రోజులు ఆగుతుంది అంతే. సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పెట్టండి, చూడ్డానికి అచ్చం చింతపండు చారులా ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కంట్లో పడితే ఎంత మంటో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న వాళ్లందరికీ తెలుసు.

కుంకుడు తొక్కలో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది, నురగ దానివల్లే. మా బోరు నీళ్లలో ఒంటి సబ్బు రుద్దితే బకెట్‌లో తెల్లటి తెట్టు కడుతుంది కదా, కుంకుడు అలా కట్టదు, గాజు గ్లాసుల మీద ఆ మసక పొర నాకు కనపడలేదు. కానీ నురగ తక్కువ. మొదటి నెలంతా ఇదే నా గొడవ, నురగ లేదంటే మురికి పోలేదని మన మనసుకి అలవాటైపోయింది. ఒక నెల ఓపిక పట్టాక కంటితో కాకుండా వేలితో చూడ్డం వచ్చింది. గిన్నె మీద వేలు జరిపితే కీచుమనాలి, అంటే జిడ్డు పోయినట్టు.

పప్పు గిన్నెలు, టీ కప్పులు, పెరుగు గిన్నెలు, కంచాలు, గ్లాసులు వీటికి కుంకుడు రసం ఒక్కటే చాలు. నెయ్యి గిన్నె, చికెన్ కూర మూకుడు, చేపల పులుసు దాక ఈ మూడింటికీ మాత్రం వట్టి కుంకుడు, చన్నీళ్లు సరిపోవు, ఇది నిజాయితీగా చెప్తున్నాను. నేను చేసేదేంటంటే ముందు ఆ జిడ్డు మీద రెండు చెంచాల తవుడో పాత శెనగపిండో చల్లి పొడిగానే తుడిచేస్తాను, పిండి నూనెని పీల్చేసి ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది, అది చెత్తబుట్టలోకి పోతుంది కాబట్టి సింకు పైపు కూడా పూడుకోదు. తర్వాత వేడినీళ్లు, కుంకుడు రసం. చేపల నీచు వాసనకి చివర్లో నిమ్మచెక్కతో ఒకసారి రుద్దితే పోతుంది, నీచుకి కారణమైనవి క్షారగుణం ఉన్నవి కాబట్టి పులుపు వాటిని అణిచేస్తుంది. మా నెల్లూరు వదిన చింతపండు పిప్పితో రుద్దుతుంది, అదీ అదే పని.

చింతపండు అంటే గుర్తొచ్చింది. ఇత్తడికి, రాగికి దీన్ని మించింది నేను చూడలేదు, కొన్న పొడులు కూడా వాడి చూశాకే అంటున్నాను. పులుసుకి రసం తీసేశాక మిగిలిన పిప్పిని పారేయకుండా డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడతాను, శ్రావణ శుక్రవారాలు వచ్చేసరికి సరిపడా పోగవుతుంది. రాగిచెంబు మీద ఆ పిప్పి, చిటికెడు కళ్లుప్పు వేసి రుద్దగానే నల్లగా ఉన్నచోట చేతివేలి కిందే గులాబీరంగు బయటపడుతుంది, అది చూడ్డానికే మా చిన్నది స్టూలు వేసుకుని నిలబడేది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగి మీది చిలుముని కరిగిస్తుంది. అయితే కరిగాక అక్కడ పులుపు మిగిలిపోకూడదు. మొదట్లో నేను నీళ్లతో తొలిచేసి బోర్లించేదాన్ని, తెల్లారేసరికి మచ్చలు మచ్చలుగా మళ్లీ నల్లబడేది, చింతపండే మంచిది కాదనుకున్నాను. తప్పు నాదే, పులుపు తర్వాత కుంకుడు రసంతో ఒకసారి కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి, అప్పుడు పది రోజులు మెరుస్తుంది. ఇంకోటి, కళాయి పూసిన ఇత్తడి గిన్నెల లోపల మాత్రం చింతపండు, ఉప్పు పెట్టి గట్టిగా రుద్దొద్దు, తగరం పూత అరిగిపోతే మళ్లీ కళాయి వేసేవాళ్లని వెతుక్కోవాలి, ఈ రోజుల్లో వాళ్లు దొరకడమే గగనం.

అల్యూమినియం కుక్కరు లోపల నల్లబడితే కూడా ఇదే, కుక్కరులో నల్లగీత దాకా నీళ్లు పోసి కాస్త చింతపండో, వాడేసిన నాలుగు నిమ్మచెక్కలో వేసి పది నిమిషాలు మరిగిస్తే తెల్లబడుతుంది.

ఇప్పుడు వెనిగర్. దీని గురించి వీడియోల్లో చెప్పేదాంట్లో సగం నాకు పనిచేయలేదు. కెటిల్ అడుగున, కుళాయి మూతి దగ్గర బోరు నీళ్ల ఉప్పు గట్టిగా పేరుకుంటుంది చూడండి, దానికి వెనిగర్ బ్రహ్మాండం. కుళాయి మూతికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట వదిలేస్తే రుద్దకుండానే ఊడొస్తుంది. నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపినా అదే పని, ఖర్చు ఇంకా తక్కువ, వాసన కూడా ఉండదు, అందుకే నేను వెనిగర్ కొనడం మానేసి రెండేళ్లయింది. జిడ్డుకి మాత్రం వెనిగర్ దండగ. స్టవ్ వెనకాల టైల్స్ మీద తాలింపు జిడ్డు బంకలా పట్టుకుంటుంది కదా, దాని మీద ఎంత కొట్టినా అటూ ఇటూ పూసినట్టే ఉంటుంది.

ఇక వంట సోడా, వెనిగర్ కలిపి బుసబుసా పొంగించడం. నేనూ ఏడాది పాటు సింకు గొట్టంలో ఇదే పోశాను, పొంగు చూసి ఏదో అయిపోతోందనుకుని. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుని గ్యాస్ పోయాక మిగిలేది కాస్త ఉప్పు కలిసిన నీళ్లే. విడివిడిగా రెండూ పనికొస్తాయి, కలిపితే రెండూ పోతాయి. సింకు గొట్టానికి ఇప్పుడు నేను చేసేది, రాత్రి పడుకునేముందు రెండు గుప్పెళ్ల బట్టల సోడా వేసి నిదానంగా వేడినీళ్లు పోయడం, అంతే, జిడ్డు మీద క్షారం పనిచేస్తుంది కాబట్టి లోపలి తెట్టు వదులుతుంది. బట్టల సోడా వంట సోడా కంటే చాలా ఘాటు, చేతులు పగిలినవాళ్లు దీనికి మాత్రం గ్లౌజులు వేసుకోవాల్సిందే, సహజమైనది కదా అని చేత్తో కలపకండి.

వంట సోడా పనితనం చూడాలంటే మాడిన గిన్నె కావాలి. పోయిన సంక్రాంతికి పరమాన్నం అడుగంటింది, స్టీలు గిన్నె అడుగంతా వేలెడు మందాన నల్లటి చెక్క. మునిగేదాకా నీళ్లు పోసి మూడు చెంచాల వంట సోడా వేసి పది నిమిషాలు మరిగించి పొయ్యి కట్టేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చెక్క అట్లకాడ అంచుతో ఒక మూల లేపితే అప్పచ్చిలాగా ఒక్క పెచ్చుగా లేచొచ్చింది, కింద స్టీలు తెల్లగా ఉంది. గీకలేదు, ఇనప పీచు పెట్టలేదు. ఈ పద్ధతుల్లో బలం బదులు టైమ్ ఖర్చు పెట్టాలి, నానడానికి వదిలే ఓపిక లేకపోతే ఇవేవీ మీకు నచ్చవు. అల్యూమినియం గిన్నెకి మాత్రం సోడా పెట్టొద్దు, నల్లగా అయిపోతుంది. చిమ్నీ జల్లెడలు కూడా స్టీలువైతేనే బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో ముంచండి, అల్యూమినియం జాలీ ఉంటే కుంకుడు రసం, వేడినీళ్లతోనే సరిపెట్టుకోవాలి, కాస్త జిడ్డు మిగులుతుంది, నాకు దానికి వేరే దారి దొరకలేదు.

నాకు బాగా నష్టం జరిగిన సంగతి కూడా చెప్పాలి. మా అత్తయ్య వాళ్లది తెనాలిలో పాత ఇల్లు, వంటింటి గట్టు కడప బండ, ఆవిడ ముప్పై ఏళ్లుగా తుడిచి తుడిచి అద్దంలా ఉంచుకున్నది. నేను వెళ్లినప్పుడు ఉత్సాహంగా నిమ్మరసం, వెనిగర్ కలిపి చల్లి పావుగంట వదిలేశాను. తుడిచేసరికి గట్టంతా బూడిదరంగు మరకలు, నునుపు పోయి చేతికి గరుగ్గా తగులుతోంది. కడప బండ సున్నపురాయి అన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు, పులుపు దాన్ని తినేస్తుంది. తాండూరు బండలు, షాబాద్ బండలు కూడా సున్నపురాయే, పాలరాయీ అంతే. అత్తయ్య ఒక్కమాట అనలేదు, కానీ ఆ గట్టు దగ్గర నిలబడి ఆవిడ అరచేత్తో రాసి చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. మళ్లీ పాలిష్ పట్టించాం గానీ మునుపటిలా రాలేదు. మీ ఇంట్లో గట్టు ఏ రాయో తెలుసుకోకుండా దాని మీద పులుపు వేయకండి. గ్రానైట్ తట్టుకుంటుంది, దానికి కూడా నేను కుంకుడు నీళ్లే వాడుతున్నాను.

బెల్లం, కమలా తొక్కలు, నీళ్లు ఒకటికి మూడు, పది పాళ్లలో కలిపి మూడు నెలలు పులియబెట్టే బయో ఎంజైమ్ కూడా రెండేళ్లు చేశాను. నేల తుడవడానికి, కుళాయిల ఉప్పుకి బాగానే ఉంది, అది కూడా పులుపే కాబట్టి. కానీ సర్వరోగ నివారిణిలాగా చెప్తారు చూడండి, అంత లేదు. మొదటి నెల రోజూ మూత తీసి గ్యాస్ వదలాలి, గాజు సీసాలో అస్సలు చేయొద్దు, పగులుతుంది. ఆ ఓపిక నాకు అయిపోయింది, మానేశాను.

క్రిముల విషయంలో జాగ్రత్త. కుంకుడు, నిమ్మ, వెనిగర్ ఇవి శుభ్రం చేస్తాయి గానీ క్రిముల్ని పూర్తిగా చంపుతాయని నమ్ముకోవద్దు. పచ్చి చికెన్ కోసిన చెక్కకి నేను ఇప్పటికీ మామూలు సబ్బే వాడతాను, తర్వాత మరిగే నీళ్లు పోసి ఎండలో నిలబెడతాను, ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలు ఉన్నప్పుడు అక్కడ పట్టుదలకి పోకూడదు. ఎవరింట్లోనైనా బ్లీచింగ్ వాడుతుంటే దాంతో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ కలవనీయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన వంటింట్లో అది ప్రాణం మీదకి వస్తుంది.

బొద్దింకలకి లవంగాలు, బిర్యానీ ఆకులు అన్నీ పెట్టి చూశాను, నాకేమీ తేడా కనపడలేదు. రాత్రి సింకుని పొడిగుడ్డతో తుడిచి, జాలీ మూసి, చెత్తబుట్ట బయట పెట్టడం మొదలుపెట్టాకే తగ్గాయి.

తోమడానికి నేతిబీర పీచు, ఊరినుంచి వచ్చినప్పుడు కొబ్బరిపీచు. బీరపీచు నాకు ఆరు వారాలు వస్తుంది, రోజూ పిండి ఆరేయాలి, తడిగా వదిలేస్తే ముక్క వాసన. చిన్నప్పుడు పొయ్యి బూడిదతో తోమేవాళ్లం, అందులోనూ క్షారమే కదా, ఇప్పుడు ఫ్లాట్‌లో బూడిద ఎక్కడిది. కుంకుళ్లు మొదట్లో కిరాణా కొట్లో కొనేదాన్ని, పాతవి, పురుగు పట్టినవి తగిలేవి. ఇప్పుడు విశాఖ వెళ్లినప్పుడు గిరిజన సహకార సంస్థ వాళ్ల షాపులో తెచ్చుకుంటున్నాను, 1956 నుంచి ఉన్న సంస్థ, ఏజెన్సీలో గిరిజనులు ఏరిన కాయలు కొని అమ్ముతారు. కాయ నలిపితే జిగురుగా ఉండాలి, పొడిపొడిగా రాలితే రసం రాదు.

చేతులు మూడు నెలలకి మానాయి. లిక్విడ్ మానడం వల్లా, మందు వల్లా అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి జరిగాయి. ఎప్పుడైనా చుట్టాలింటికి వెళ్లి నాలుగు రోజులు లిక్విడ్‌తో తోమితే మళ్లీ వేళ్ల సందుల్లో దురద మొదలవుతుంది, నాకు ఆ రుజువు చాలు.

పసుపు మరక గురించి చాలామంది అడుగుతుంటారు. తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో సాంబారు పెడితే పట్టే పసుపు కుంకుడుకి పోదు, సోడా రాస్తే ఎర్రగా మారి ఇంకా భయపెడుతుంది, పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది చూడండి, అదే సంగతి. ఏమీ రుద్దకండి. జిడ్డు పోయేలా కడిగి, తడిమీదే మూత తీసి బాల్కనీలో ఎండ పడేచోట పెట్టండి. మా ఇంట్లో పొద్దున పెట్టిన డబ్బా సాయంత్రానికి లేత పసుపు, రెండో రోజుకి తెలుపు.